2018 డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, 78 వేలు తిరిగింది, 5.60 అడుగుతున్నారు, మన కోనసీమలో వాడకానికి తీసుకోవచ్చా?

కొబ్బరితోట_రాజోలు

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను మలికిపురంలో పని చేస్తా, రోజూ రానుపోను ఇరవై కిలోమీటర్లు ఉంటుంది, ఇన్నాళ్ళూ బైక్ మీదే తిరిగా. ఇంట్లో నాన్నగారు కొన్న పాత చిన్న కారు ఒకటుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు బాగా ఎక్కువయ్యాయి, ఆ కారులో కూర్చోవడమంటే గోతిలోకి దిగినట్టు ఉంటుంది తనకి, కూర్చున్నాక లేవాలంటే నేనూ మా ఆవిడా చెరో చెయ్యి పట్టుకోవాలి. అమలాపురం హాస్పిటల్‌కి పదిహేను రోజులకోసారి, రాజమండ్రికి నెలకోసారి తీసుకెళ్ళాలి. అందుకే సీటు కాస్త ఎత్తుగా ఉండే బండి చూస్తున్నా. కొత్తది నా వల్ల కాదు, చేతిలో ఆరు లక్షలు ఉన్నాయి, అందులోనే అన్నీ అయిపోవాలి.

తెలిసినాయన ద్వారా ఒక బండి వచ్చింది. 2018 మోడల్, 1.5 డీజిల్, మాన్యువల్ గేర్లు, ఏపీ 16 నంబరు, అంటే మొదట విజయవాడ బండి, ఇప్పుడు భీమవరంలో రెండో ఓనరు దగ్గర ఉంది. మీటరు 78 వేలు చూపిస్తోంది. 5 లక్షల 60 వేలు చెప్తున్నారు, 5.40కి వస్తుందేమో. బండి పేరు కావాలనే రాయట్లేదండి, రాస్తే ఆ కంపెనీ మంచిదా ఈ కంపెనీ మంచిదా అని మాటలు మొదలై నా ప్రశ్న పక్కకి పోతుంది.

నడిపి చూశా. ఏసీ బాగానే చల్లగా ఉంది, పికప్ బాగుంది, కానీ గతుకుల్లో ముందు ఎడమ వైపు టక్ టక్ అని సౌండు వస్తోంది, అమ్మేవాళ్ళు సస్పెన్షన్‌లో లింక్ రాడ్డే, వెయ్యి రూపాయల పని అంటున్నారు. నిలబెట్టి ఉన్నప్పుడు స్టీరింగ్‌లో కొంచెం వణుకు ఉంది. సర్వీసు బుక్కు లేదట, ఎక్కడో పోయిందన్నారు.

నేను అడిగేది ఏంటంటే, ఇలాంటి బళ్ళలో మామూలుగా వచ్చే సమస్యలు ఏవి, కొన్నాక ఏడాదికి ఎంత ఖర్చు పెట్టుకోవాలి, నెలకి ఆరువందలు ఏడువందల కిలోమీటర్లు తిరిగేవాడికి అసలు డీజిల్ అవసరమా. మన వైపు ఉప్పుగాలి, కాలవ గట్ల రోడ్లు, వర్షాకాలంలో నీళ్ళు, ఇవన్నీ తెలిసినవాళ్ళు చెప్తే బాగుంటుంది. యూట్యూబ్‌లో చూస్తే అందరూ హైదరాబాద్ రోడ్ల గురించే చెప్తున్నారు.


షెడ్డు_రావులపాలెం

నమస్తే తమ్ముడూ. నేను డీజిల్ బళ్ళ పని చేస్తా, పదహారేళ్ళ నుంచీ షెడ్డు. నువ్వు అడిగిన వరసలో కాకుండా నేను బండి చూసే వరసలో చెప్తా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదువు.

మన డెల్టాలో పాత బండిని పైన చూడకూడదమ్మా, కింద చూడాలి. రంగు, సీటు కవర్లు, టచ్ స్క్రీను ఇవన్నీ రెండు రోజుల్లో కొత్తగా చేసేస్తారు, కింద మాత్రం ఎవరూ ఏం చెయ్యరు. ఎవరి షెడ్డులోనైనా సరే లిఫ్ట్ మీదో గొయ్యి మీదో ఎక్కించి టార్చి వేసి చూడు. భీమవరం వైపు తిరిగిన బండంటే రొయ్యల లారీలు, చేపల లారీల వెనకాల తిరిగిన బండే, ఆ ఐసు కరిగిన ఉప్పునీళ్ళు రోడ్డంతా కారతాయి, అవి చక్రాల దగ్గర్నుంచి లేచి కింద భాగమంతా పట్టుకుంటాయి. లోయర్ ఆర్మ్‌లు, ఇంజిన్ కూర్చునే సబ్‌ఫ్రేము, బ్రేకు పైపులు, సైలెన్సర్ హ్యాంగర్లు, డీజిల్ పోసే గొట్టం, తలుపుల అడుగు అంచులు, ఇవి చూడాలి. పైపైన గోధుమ రంగు పొర ఉంటే పర్లేదు, స్క్రూడ్రైవర్ వెనకవైపుతో కొడితే పెచ్చులు రాలుతున్నాయంటే మాత్రం వదిలెయ్. కొత్తగా నల్ల కోటింగు కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్త, ఆ నలుపు దేన్ని కప్పడానికో కనుక్కో. ముందు ఏసీ కండెన్సర్ రెక్కలు కూడా చూడు, అల్యూమినియం కదా, ఉప్పుకి తెల్లటి పొడిలాగా అయిపోద్ది, వేలు పెడితే రాలిపోద్ది. ఈరోజు చల్లగా ఉంది కదా అంటే రెండు నెలలకి గ్యాసు పోద్ది.

రెండోది నీళ్ళు. ఏపీ 16 బండి అన్నావు, అది అసలు భయం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో అందరూ చూశారు. అందులో కొన్ని కడిగి ఆరబెట్టి అమ్మకానికి వచ్చాయి. మన దగ్గర మాత్రం తక్కువా, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో బళ్ళు ఏమయ్యాయో మనకి తెలుసు. మునిగిన బండి ఒక్కరోజులో చెడిపోదు, అదే దాని మాయ. ఆరు నెలలకి ఒక్కో కనెక్టర్ లోపల పచ్చగా చిలుము పట్టి, ఒకరోజు హారన్ మోగదు, ఒకరోజు సెల్ఫ్ పడదు, ఒకరోజు ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుద్ది, ఏ షెడ్డుకి తెచ్చినా ఒకటి పోతే ఒకటి. కాబట్టి సీటు బెల్టు చివరిదాకా లాగు, లోపల చుట్టి ఉండే భాగంలో బురద గీత ఉంటే మునిగిన బండే, దాన్నెవరూ కడగరు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట చూడు, ముందు సీట్ల కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా చూడు, కింద కార్పెట్ ఓ మూల ఎత్తి ఆ స్పాంజి నొక్కి వాసన చూడు. ఘాటు సెంటు కొట్టి ఉంటే అద్దాలన్నీ మూసి ఎండలో గంట పెట్టి తర్వాత తలుపు తియ్యి, అసలు వాసన అప్పుడు తెలుస్తుంది.

ఇంజిన్ సంగతి. పొద్దున్నే వెళ్ళు, వాళ్ళు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించకూడదు. రాత్రంతా ఆగిన డీజిల్ బండి ఒక్క సెల్ఫ్‌కి లేవాలి, లేచాక ఓ నిమిషం గరగరమన్నా తర్వాత సర్దుకోవాలి. నాలుగైదు సార్లు తిప్పితే గానీ లేవట్లేదంటే ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు కారుతున్నాయేమో చూడాలి, లేదంటే ఇంజిన్‌ని లేవడానికి వేడిచేసే గ్లో ప్లగ్గులు. గ్లో ప్లగ్గులు చిన్న ఖర్చే, ఇంజెక్టర్ మాత్రం ఒక్కోటి పది పదిహేను వేలు అడుగుద్ది, అవి నాలుగుంటాయి. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తియ్యి, కొంచెం గాలి కొట్టడం మామూలే, పొగ బుస్సుబుస్సుమని వస్తే రింగులు అరిగాయని. మూత లోపల మజ్జిగ రంగు పేస్టు ఉంటే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయి. కూలెంటు ట్యాంకు చూడు, రంగు రంగుగా ఉండాలి, ఎర్రమట్టి నీళ్ళలా ఉంటే బోరు నీళ్ళు పోస్తున్నారని అర్థం. మన వైపు ఇది చాలా ఎక్కువ, తీరం దగ్గర బోరు నీళ్ళంటేనే ఉప్పు, అది రేడియేటర్‌నీ వాటర్ పంపునీ లోపల్నుంచి తినేస్తుంది, తర్వాత ఎండాకాలంలో ఏ గట్టు మీదో వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోద్ది. వెయ్యి రూపాయల కూలెంటు దగ్గర పొదుపు చేసి పాతిక ముప్ఫై వేలు తగలేసుకున్నోళ్ళని ఎంతమందిని చూశానో.

ఇంజిన్లోకి గాలి నెట్టే టర్బో గురించి అందరూ భయపెడతారు గానీ ఆయిల్ టైంకి మార్చినోడికి అది పోవడం తక్కువ. నిమిషానికి లక్ష చుట్ల పైన తిరిగే వస్తువు, దానికి ఆధారం ఆ ఆయిలే. నడుపుతుంటే ఈల పెద్దదవడం, గొట్టాల్లో ఆయిల్ చెమ్మ మరీ ఎక్కువుండడం, తొక్కితే నల్ల పొగ, పికప్ పడిపోవడం, ఇవి చూస్కో. నల్ల పొగకి కారణం టర్బోయే కానక్కర్లేదు, పొగలో కొంత తిరిగి ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టినా వస్తుంది, దగ్గర దగ్గర తిరిగే బళ్ళలో అదే ఎక్కువ.

క్లచ్ ఇలా చూడు. నాలుగో గేర్‌లో నలభై మీద వెళ్తూ ఒక్కసారి బలంగా తొక్కు, ఆర్‌పీఎం లేచి బండి లేవకపోతే క్లచ్ అయిపోయింది. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కించి దింపే బళ్ళకి, లంక ర్యాంపులు రోజూ ఎక్కే బళ్ళకి క్లచ్ యాభై వేల కిలోమీటర్లకే పోవడం చూశా. కొన్నిట్లో ఫ్లైవీల్ రెండు ముక్కలది ఉంటుంది, అది కూడా పోయిందంటే క్లచ్ ఖర్చుకి రెండింతలు అవుద్ది. నువ్వు చెప్పిన స్టీరింగ్ వణుకు మౌంటింగులు అరిగి రావచ్చు, ఇంజెక్టర్ తేడా వల్లా రావచ్చు, ఈ రెంటి ఖర్చుకీ పోలికే లేదు, స్కానర్ పెట్టి చూస్తే గానీ తేలదు.

ఆ టక్ టక్ లింక్ రాడ్డే అయితే మంచిదే. కానీ లోయర్ ఆర్మ్ బుష్షూ, స్ట్రట్ మౌంటూ కూడా ఇదే సౌండు ఇస్తాయి, వెయ్యి రూపాయలని వాళ్ళంత ధీమాగా చెప్తే చేయించి ఇమ్మను ముందు.

ఇంకోటి, టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. స్టెప్నీది ఎంత, తిరిగే నాలుగుటివీ ఎంత రాసుకో. ఈ సైజు టైర్లు మామూలుగా నలభై యాభై వేల కిలోమీటర్లకి అయిపోతాయి, ఏ సంవత్సరం మార్చారో తెలిస్తే మీటరు నిజం చెప్తోందో లేదో ఓ అంచనా వస్తుంది. సర్వీసు బుక్కు పోతే పోయింది, బండి నంబరు చెప్తే కంపెనీ సర్వీసు సెంటర్లో పాత రికార్డు కంప్యూటర్లో ఉంటుంది, ఓనర్ని వెంటబెట్టుకుని వెళ్ళి అడుగు. ఆయన రానంటే అందులోనే నీకు సమాధానం ఉంది.


ఉండి_రోడ్డు

నేను మూడేళ్ళ క్రితం సరిగ్గా ఇలాంటి బండే కొన్నా అండి, భీమవరం పక్కన మాది, చెరువుల దగ్గరికి రోజూ తిరుగుతా. 2017 డీజిల్, 64 వేల దగ్గర తీసుకున్నా, 5 లక్షల 10 వేలు ఇచ్చా, ఇప్పుడు 1 లక్షా 3 వేలు తిరిగింది. డైరీలో ప్రతి రూపాయీ రాసుకునే అలవాటు ఉంది కాబట్టి లెక్క చెప్పగలను.

కొన్న వారంలోనే ఆయిల్, ఫిల్టర్లు అన్నీ, కూలెంటు, బ్రేకు ఆయిల్ మార్పించా, 9,500. పాత ఓనరు నిన్నే చేయించా అన్నా సరే నేను నమ్మలేదు, అది మంచి పని అయింది, తీసిన డీజిల్ ఫిల్టర్లోంచి నీళ్ళు కారాయి. మూడు నెలలకి టైర్లు నాలుగూ, అలైన్‌మెంటుతో కలిపి 31,000. బ్యాటరీ 6,200. అదే ఏడాది చివర్లో క్లచ్ సెట్టు, కూలీతో 21,000, ఫ్లైవీల్ బాగానే ఉంది కాబట్టి బతికిపోయా. రెండో ఏడాది ముందు షాకబ్జర్లు, లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు అన్నీ ఒక్కసారే వేయించా, 23,500. మొదట ఒక్క లింక్ రాడ్డే మార్చి చూశా, సౌండు పదిరోజులు ఆగి మళ్ళీ మొదలైంది, అందుకని మీకు చెప్తున్నా, ముందు వైపు పని చేయిస్తే రెండు పక్కలా ఒకేసారి చేయించండి. ఏసీ కూలింగ్ కాయిల్ లీకు, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వచ్చింది, 14,000. తర్వాత ఎలుకలు. దాళ్వా కోతలైన వారం అది, చేలల్లో ఎలుకలన్నీ ఇళ్ళ వైపు వచ్చేస్తాయి కదా, ఒక్క రాత్రిలో ఇంజెక్టర్ల వైరింగ్ కొరికేశాయి, 7,800. అప్పట్నుంచీ రాత్రిపూట బానెట్ ఎత్తి పెడుతున్నా, పొగాకు కాడలు కట్టి ఉంచుతున్నా, కొంత తగ్గాయి. మామూలు సర్వీసులు మూడు, కలిపి 21,000.

మొత్తం 1 లక్షా 34 వేలు. ఇన్సూరెన్సు మూడేళ్ళకి 39,600. రెండూ కలిపి 36 నెలలకి పంచితే నెలకి 4,800 పైన పడింది. డీజిల్ వేరే, నాకు 17 మైలేజీ వస్తుంది, నెలకి వెయ్యి కిలోమీటర్ల పైన తిరుగుతా కాబట్టి ఆరు వేల చిల్లర. అంటే నెలకి పదకొండు వేలు ఈ బండికి వెళ్తోంది, కొన్న డబ్బు కాకుండా. ఇది తప్పు అనట్లేదు, నాకు ఉపయోగం ఉంది, కానీ కొనేటప్పుడు ఈ లెక్క నాకెవరూ చెప్పలేదు. ఖర్చులో సగం పైన మొదటి పద్నాలుగు నెలల్లోనే వచ్చేసింది, పాత ఓనరు వాయిదా వేసిన పనులన్నీ మన నెత్తినే పడతాయి. మీ ఆరు లక్షల్లో బండికి 5 మించి పెట్టకండి, మిగతా లక్ష ముట్టుకోకుండా దాచండి.

వారానికోసారి కింద మంచినీళ్ళతో పైపు పెట్టి కడుగుతా, అంతర్వేది బీచికి గానీ పేరుపాలెం గానీ వెళ్ళొస్తే అదే రోజు కడిగేస్తా. దీనికి ఖర్చేం లేదు, కానీ నా బండి కింద ఇప్పటికీ శుభ్రంగా ఉందంటే ఇదే కారణం.


గౌతమి_గట్టు

పై ఇద్దరూ చెప్పింది అక్షరాలా నిజం. నేను డీజిల్ అవసరమా అన్నదానికి మాత్రమే చెప్తా. మీరు నెలకి 650 తిరుగుతారు అనుకుందాం, డీజిల్ 17 ఇస్తే 38 లీటర్లు, మన రాష్ట్రంలో 2025 రేటు 97 చిల్లర చొప్పున 3,700. పెట్రోల్ బండి పదమూడున్నర ఇస్తుంది అనుకుంటే 48 లీటర్లు, 109 చిల్లర చొప్పున 5,300. తేడా నెలకి 1,600 లోపే. ఏడాదికి 19 వేలు. ఒక ఇంజెక్టర్ల పని, ఒక టర్బో పని పడితే మూడేళ్ళ మిగులు ఒకేరోజు పోతుంది. పైగా పది కిలోమీటర్లు వెళ్ళి ఆపేసే వాడకానికి డీజిల్ ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, మసి పట్టేది అక్కడే.

మీరు చూసేది 2018 అంటే బీఎస్4, పాత పొగ నిబంధనల బండి, కాబట్టి నయమే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ వైపు మాత్రం వెళ్ళకండి ఈ వాడకానికి. వాటికి సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే అరవై డెబ్బై స్పీడులో ఆగకుండా ఇరవై నిమిషాలు వెళ్ళాలి. మలికిపురం రోడ్డులో బర్రెలూ ట్రాక్టర్లూ కొబ్బరి లోడు ఆటోలూ దాటుకుని వెళ్ళేవాళ్ళకి అది కుదిరే పనేనా, రావులపాలెం దాకా వెళ్ళి ఎన్‌హెచ్ 16 ఎక్కాలి దానికోసం.

వాల్వులూ పిస్టన్లూ ఒకే తాళంలో ఆడేలా చూసే టైమింగ్ బెల్టు సంగతి కూడా కనుక్కోండి. ఫియట్ మూలం 1.3 డీజిల్, అదే మొదటి బ్రెజాలో వచ్చింది, దానికి చైను ఉంటుంది. డస్టర్‌లో వచ్చిన 1.5 డీజిల్‌కి బెల్టు, టైంకి మార్చాల్సిందే, తెగితే వాల్వులు పిస్టన్‌కి కొట్టుకుని ఇంజిన్ విప్పాలి. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు చెప్పింది 2021లో, ఎకోస్పోర్ట్ నడపడానికి మంచి బండే గానీ కొనేముందు మీ దగ్గర్లో దాని పని తెలిసిన మెకానిక్ ఉన్నాడా, పార్టు చెప్తే ఎన్ని రోజులకి వస్తోంది అని కనుక్కోండి, అమ్మగారి హాస్పిటల్ రోజుకి బండి షెడ్డులో ఉంటే ఏం లాభం.

ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజిన్ బళ్ళకి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంతకుముందు సెస్సుతో కలిపి పెట్రోల్‌కి 29, డీజిల్‌కి 31 ఉండేది. కొత్తవాటి ధర తగ్గితే పాతవాటి ధర కూడా తగ్గాలి కదా. ఆ 5.60 ఏ లెక్కన చెప్తున్నారో అడగండి.


ఆర్టీవో_పనులు_అమలాపురం

కాగితాల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా, ఆఫీసుల చుట్టూ తిరిగే పని నాది.

ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొట్టి ఓనర్ సీరియల్ ఎంత, ఫైనాన్సు ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, చలానాలు ఏమున్నాయో చూడండి. ఫైనాన్సు చూపిస్తే బ్యాంకు ఎన్‌ఓసీ, లోను తీరిందని బ్యాంకు సంతకం పెట్టే ఫారం 35 చేతికొచ్చేదాకా బయానా కూడా ఇవ్వద్దు. లోను తీరిపోయిందండి అంటారు, తీరినా ఆర్‌సీలో కొట్టివేయించరు చాలామంది, తర్వాత మీరు తిరగాలి. పేరు మార్చడానికి ఫారం 29, 30. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో తెలపాలి. సంతకాలు పెట్టి ఖాళీ ఫారాలు ఇచ్చేసి తర్వాత చూద్దాం అనే పద్ధతి మన వైపు ఇంకా ఉంది, అది అమ్మినోళ్ళకే ఎక్కువ ప్రమాదం, ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నాయనే ఓనరు అని 2018లో సుప్రీంకోర్టే చెప్పింది. ఈ మాట చెప్తే అమ్మేవాళ్ళే తొందరపడి ట్రాన్స్‌ఫర్ చేస్తారు.

ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోవాలి, లేదంటే థర్డ్ పార్టీ వరకే గట్టి, మీ బండికి దెబ్బ తగిలితే క్లెయిము రాదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయన మనిషికి చెందింది, కాబట్టి పోయినేడాది ప్రీమియం చూసి ఇంతే అనుకోకండి, పెరుగుతుంది. 1000 నుంచి 1500 సీసీ దాకా 2022లో పెట్టిన రేటు ప్రకారం థర్డ్ పార్టీ ఒక్కటే 3,416, పైన జీఎస్టీ. మన వైపు ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ఆన్ తప్పకుండా తీసుకోండి. కనకాయలంక కాజ్‌వే లాంటి చోట నీళ్ళు దాటుతూ బండి ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి, లోపలికి వెళ్ళిన నీళ్ళు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, మామూలు పాలసీలో దానికి డబ్బు రాదు. బండి ఎంత నీటిలో ఉన్నా దిగి తోయించి బయటికి తెచ్చుకోవాలి, అంతే.

తెలంగాణ బండి చవగ్గా వస్తోందని కూడా చూస్తారు, ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్ళీ కట్టాలని గుర్తుంచుకోండి.


కొబ్బరితోట_రాజోలు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని నిన్న భీమవరం వెళ్ళా, మా బావమరిది తోడొచ్చాడు. జరిగింది రాస్తా, ఇంకెవరికైనా పనికొస్తుంది.

పొద్దున్నే ఏడింటికి వెళ్ళేసరికే బండి ఇంటి ముందు స్టార్ట్ చేసి ఉంచారు, చల్లటి ఇంజిన్ చూసే అవకాశం లేకపోయింది. సీటు బెల్టు చివరిదాకా లాగా, శుభ్రంగానే ఉంది. స్టెప్నీ గుంట పొడిగా ఉంది, కార్పెట్ కింద వాసన లేదు. అక్కడిదాకా మనసు కుదుటపడింది. కూలెంటు మాత్రం అన్నగారు చెప్పినట్టే ఎర్రగా ఉంది, నీళ్ళే పోస్తాం ఎప్పుడూ అని ఆయనే ఒప్పుకున్నారు. లిఫ్ట్ ఎక్కిస్తే ఎడమ లోయర్ ఆర్మ్ బుష్షు చిరిగిపోయి ఉంది, లింక్ రాడ్డు బాగానే ఉంది అసలు.

టైర్లు చూశా. స్టెప్నీ 2018ది. తిరిగే నాలుగింటి మీదా 2023 చివరి వారాలున్నాయి, అవి కూడా అరుగుదలకి వచ్చేశాయి. 78 వేల బండికి ఇది రెండో సెట్టు అన్నారు, సరే కుదురుతుంది కదా అనుకున్నా. తర్వాత సర్వీసు సెంటరుకి వెళ్దాం రండి అంటే మొదట రేపన్నారు, బావమరిది వదల్లేదు, చివరికి వచ్చారు. రికార్డులో 2022 ఆగస్టులో 96,400 ఉంది. ఆ తర్వాత అక్కడికి బండి రాలేదు. అంటే ఇప్పుడు లక్షన్నర దాటి ఉండచ్చు. రెండో ఓనరాయన ముఖం చూస్తే ఆయనకీ తెలియదనిపించింది, నేను కొన్నప్పుడే 60 వేలు చూపించింది బాబూ అన్నారు. నిజమే కావచ్చు. 4.20కి ఇస్తానన్నారు అక్కడికక్కడే, నేను ఇంటికొచ్చి ఆలోచించా రాత్రంతా. బండి నడుస్తుంది, ఇంజిన్ బాగానే ఉంది, కానీ ఏది ఎప్పుడు మార్చారో తెలియని బండిలో అమ్మని కూర్చోబెట్టి రాజమండ్రి వెళ్ళడానికి నాకు ధైర్యం చాల్లేదు. వద్దని చెప్పేశా.

తణుకులో పెట్రోల్ బండి ఒకటి ఉందని తెలిసింది, 2019, ఒకే ఓనరు, రిటైరైన మాస్టారు, 41 వేలు, సర్వీసు బిల్లులన్నీ ఫైలు చేసి పెట్టారట. 5.35 చెప్తున్నారు. ఆదివారం వెళ్తున్నా, ఈసారి అమ్మని కూడా తీసుకెళ్తా, తను ఎక్కి దిగి చూసి సుఖంగా ఉందంటేనే మిగతా సంగతి. రావులపాలెం అన్నగారూ, దారిలోనే కదా, వచ్చేటప్పుడు మీ షెడ్డులో ఒకసారి లిఫ్ట్ ఎక్కించి చూస్తారా? మీ కూలీ మీకు ఇచ్చేస్తా.


షెడ్డు_రావులపాలెం

మంచి పని చేశావు తమ్ముడూ. 96 వేలు దాటిన బండి మీటరుని 60కి తిప్పినోడు ఆయిల్ మాత్రం టైంకి మార్చుంటాడా.

ఆదివారం షెడ్డు సెలవు. మాస్టారు ఒప్పుకుంటే ఆదివారం రాత్రికి బండి తెచ్చి నా షెడ్డు ముందు పెట్టెయ్యమను, సోమవారం పొద్దున ఆరున్నరకి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నేనే మొదటి సెల్ఫ్ కొడతా. చూసే కూలీ ఐదొందలు. పెట్రోల్ కాబట్టి కాయిల్సు, ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ చూస్తే చాలు, గంట పని. కింద మాత్రం అంతే జాగ్రత్తగా చూడాలి, తణుకులో ఉన్నా మాస్టారి పిల్లలు నరసాపురంలో ఉంటే ఉప్పు ఉప్పే. సర్వీసు బిల్లుల ఫైలు మర్చిపోకుండా తీసుకురా.